ఓడలో వంటమనిషి

మధ్యాహ్నం మూడయితే ఆమె కాళ్ళు ఇప్పటికీ ఆ గది గుమ్మం దాకా వస్తాయి. లోపలికి మాత్రం పోవు. ఇదివరకు ఆ వేళకు భర్త అక్కడ కూర్చుని తను రాసిన కాగితాలు పైకి చదివేవాడు, ఆమె కూరగాయలు తరుగుతూ వినేది. ఎవరూ చూడని తీరం వెతుక్కుంటూ పోయిన పాతకాలపు ఓడ కథ, పిల్లల కోసం. "నాలుగో తరగతి గట్టెక్కిన నీకర్థమైతే పిల్లలకీ అర్థమైనట్టే," అనేవాడు. ఎగతాళే. కానీ ఆమె కత్తిపీట ఆగిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకునేవాడు.

ఒకరోజు ఆమె అడిగింది. "ఏమండీ, ఓడ బయల్దేరి నలభై రోజులైంది. వీళ్ళకి తిండెవరు పెడుతున్నారు?"

ఆయన నోరెళ్ళబెట్టాడు. తుఫాను లేపాడు, తెరచాపలు చింపాడు, పొయ్యి సంగతే మరిచాడు. ఆ సాయంత్రమే ఓడలోకి ఒక ముసలి వంటమనిషి ఎక్కాడు. పప్పుకు పురుగు ఎన్నాళ్ళకు పడుతుంది, తడికట్టె ఎలా రాజుకుంటుంది, నీళ్ళు ఎలా పొదుపు చెయ్యాలి, అన్నీ ఆమె చెప్పింది, ఆయన రాశాడు. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆయన ఆమెను అడిగి తెలుసుకున్నవి అవే.

ఆయన పోయి మూడు నెలలు. మిగిలిన రెండు అధ్యాయాలు బడిపంతులైన మరిది పూర్తిచేస్తున్నాడు. చదివి వినిపించడు. ఇవాళ వసారాలో అతనికి టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆమె చూసింది, వంటమనిషి ఉన్న ప్రతిచోటా ఎర్ర అడ్డగీతలు.

"ఇదేంటి బాబూ, ముసలాణ్ణి కొట్టేశావా?"

"పిల్లలకి సాహసం కావాలి వదినా, గంజి కాదు. మీ వంటిల్లంతా ఎక్కిస్తే ఓడ మునిగిపోదూ?" తన మాటకు తనే నవ్వుకున్నాడు.

"మీ అన్నయ్య రాసిందే కదా."

"రాసింది అన్నయ్యే. రాయించిందెవరో నాకు తెలీదా?"

తెలుసన్నమాట. తెలిసే కొట్టేశాడు.

"మరి వాళ్ళేం తిని బతికారు?"

"ఎవడడుగుతాడు వదినా?"

అడిగిన మనిషి ఎదురుగానే నిలబడి ఉంది.

వెళ్తూ వెళ్తూ అతను కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టాడు. "కాస్త కుట్టి ఉంచండి, అన్నయ్యవీ మీరే కుట్టేవారుగా. పొద్దున్నే అచ్చుకివ్వాలి."

ఆమె దబ్బనం తీసి, దారం ఎక్కించి, కాగితాలు అంచులు కలిపి సరిచేసింది. మధ్యలో ఒక కొత్త కాగితం మీద అతని చేతిరాత. 'నలభయ్యో రోజున అందరూ తృప్తిగా భోంచేశారు.'

దారం లాగేసి దబ్బనం డబ్బాలో పడేసింది. విడికాగితాలను తెరిచి ఉన్న కిటికీ పక్క బల్లమీద పెట్టింది. వాటిమీద బరువు కూడా పెట్టలేదు.