గేటు దాటి వచ్చిన పరామర్శ

సంస్మరణ రాసేటప్పుడు ‘పరమపదించారు’ అనాలి, ‘దివంగతులయ్యారు’ అనాలి. బతుకంతా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాటలన్నీ నాకూ వచ్చు. మా వదిన డాక్టర్ శశిరేఖ గురించి రాయబోతే మాత్రం ఒక్కటీ కలంలోంచి రావడం లేదు. విజయవాడ ఆస్పత్రి నుంచి అన్నయ్య ఫోన్ చేసి “శశి వెళ్ళిపోయిందే” అన్నప్పుడు, గుడివాడలో మా వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయాను. ఆ తర్వాత ఏడుపు రావాలి కదా? రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఈ నాలుగు మాటలూ ఆ మంటతోనే రాస్తున్నాను, చదివేవాళ్ళు మన్నించినా సరే, మన్నించకపోయినా సరే.

ఎందుకంటే మా వదినను క్యాన్సర్ చంపలేదు. రక్తంలో ఆ మహమ్మారి ప్రవేశించిన మాట నిజమే. కీమో ఇచ్చారు, జుట్టు ఊడింది, మనిషి సగమైంది. అయినా మందు పనిచేస్తోందనీ, జాగ్రత్తగా ఉంటే గట్టెక్కుతుందనీ డాక్టర్లు చెప్పారు. ఆ మందు రోగంతో పాటు రోగాన్ని ఎదిరించే తెల్లకణాలను కూడా ఊడ్చేస్తుంది. అవి మళ్ళీ పుంజుకునేదాకా, మనకు ముక్కు కారి తగ్గిపోయే జలుబు కూడా ఆవిడకు ప్రాణాంతకం. కాబట్టి బయటివాళ్ళు ఇంట్లోకి రాకూడదు. అంతే. కొండలు పిండి చేయమనలేదు, సముద్రం ఈదమనలేదు. రావద్దన్నారు. ఆ పాటి పని మన బంధుకోటికి చేతకాలేదు.

బందరులో వదిన ఆస్పత్రి ఎరగనివాళ్ళు తక్కువ. గుమ్మం పక్కనే కుళాయి, సబ్బు. చేతులు కడుక్కోనిదే లోపలికి ప్రవేశం లేదు. ఒకసారి ఒక పెద్ద నాయకుడి బావమరిది వచ్చి, “నేనెవరో తెలుసా అండీ?” అన్నాడట. “తెలుసండీ. మీ చేతుల మీద ఏముందో మాత్రం మీకూ తెలీదు, నాకూ తెలీదు. కడుక్కుని రండి, మిగతాది మాట్లాడుకుందాం” అంది వదిన. ఆయన కడుక్కున్నాడు. వాచీ తడిసిందని గొణుక్కుంటూ కడుక్కున్నాడు.

మా ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే ఆవిడ సంగతి మాకు తెలిసింది. గుడివాడలో మా అమ్మ విందు పెట్టింది. వడ్డిస్తున్న మా బాబాయి చేతికి గుడ్డ కట్టు, దాని కింద సెగ్గడ్డ. కొత్త పెళ్ళికూతురు విస్తరి ముందు నుంచి లేచి, ఆయన చేతిలోని పులిహోర గిన్నె మెల్లగా తీసుకుని, “మీరు కూర్చోండి మావయ్యగారూ, నేను వడ్డిస్తాను” అంది. తర్వాత ఆ పులిహోర పక్కన పెట్టించి, సబ్బుతో చేతులు కడిగించి వేరేది కలిపించింది. బాబాయి చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదు. నేను మాత్రం ఆ రోజు నుంచీ ఆవిణ్ణి ‘సబ్బు వదినా’ అని ఏడిపించేదాన్ని. “ఆడపడుచు నోటికి కూడా సబ్బుంటే బాగుండు” అనేది ఆవిడ. వదినా మరదళ్ళం అలా ఒకరినొకరం దెప్పుకుంటూనే ముసలివాళ్ళమైపోయాం.

నాకు బాగా గుర్తున్నది దివిసీమ సంగతి. నాగాయలంక దాటాక, సముద్రపు వేట మీద బతికే ఒక పల్లె. అక్కడ వాంతులు, విరేచనాలు వ్యాపించాయని తెలిసి వదిన మందులతో వెళ్ళింది. సెలవుల్లో ఉన్నాను గనక నన్నూ బండెక్కించింది. పల్లెలో ఒక పెద్దాయన పోయాడు. పరామర్శకు వచ్చిన ఊరంతా ఆ ఇంటి అరుగు మీద బిందెలో గ్లాసు ముంచుకుని తాగారు. గ్లాసుతో పాటు వేళ్ళూ మునిగాయి. ఆ వేళ్ళలో ఎవరివో రోగం మోసుకొచ్చాయి. ఎవరివి? ఎవరూ నోరు విప్పరు. వదిన అరుగు మీద చతికిలబడి కూర్చుని, “ముందు ఎవరింట్లో మొదలైందో చెప్పండమ్మా. మీ పరువు తీయడానికి కాదు. పక్కింటి పిల్లలు బతకాలి కదా” అంటూ అడిగిందే అడిగింది. చివరికి ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ముందుకొచ్చింది.

“మా ఇంట్లోనేనండి డాక్టరమ్మగారూ. మా పిల్ల నిశ్చితార్థం దగ్గర పడిందని బయటికి పొక్కనివ్వలేదండి. పోయినాయన మాకు పెదనాన్న వరస. వెళ్ళకపోతే మాటొస్తదని వెళ్ళానండి.”

వదిన కసురుకోలేదు. నీళ్ళు మరగకాచి తాగమంది, ఇంటింటా బిందె పక్కన కాడ ఉన్న గరిటె పెట్టించింది, వేళ్ళు నీళ్ళలో మునగకూడదని చేసి చూపించింది. ఆ పిల్ల నిశ్చితార్థానికి తనే వెళ్ళి, పొగలు కక్కే అన్నం కలుపుకుని అందరి ఎదురుగా తింది. తిరిగొస్తుంటే దారిలో నాతో అంది: “వచ్చింది ఎక్కణ్ణించో చెప్పకపోతే, ఎక్కడికి పోతుందో ఆపలేమే. సిగ్గుపడి దాచుకునే ప్రతి జ్వరం ఇంకొకళ్ళింటికి చుట్టంలా వెళ్తుంది.” వైద్యశాస్త్రం నాకు రాదు గానీ ఈ మాట నాకు పాఠంలా ఉండిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. తనకే రోగం వచ్చాక వదిన గేటుకి అట్ట కట్టించింది. “నన్ను చూడాలనుకుంటే ఫోన్ చేయండి. మేడ మీద నుంచి నేనే మిమ్మల్ని చూస్తాను.” మేడ మీద ఒక కుర్చీ వేయించుకుంది. వచ్చినవాళ్ళు వీధిలో నిలబడితే, పైనుంచి ఫోన్లో మాట్లాడి, చెయ్యి ఊపి, నవ్వించి పంపేది. దివిసీమ నుంచి ఆటోలో వచ్చినవాళ్ళు కూడా పీతల బుట్ట గేటు బయట పెట్టి, వీధిలోంచే దణ్ణం పెట్టి వెళ్ళారు. తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళూ ఉన్నారనుకోండి. “ఏమిటో ఈ డాక్టరుగారి అతి” అని గొణిగారట. గొణిగితే గొణిగారు, గేటు దాటలేదు. అది చాలు.

దాటింది సత్యం బావగారు. మా మేనత్త కొడుకు, మా అక్కను చేసుకున్నవాడు, గుడ్లవల్లేరులో మిల్లున్న పెద్దమనిషి, వంశానికి పెద్ద దిక్కు. చెడ్డవాడా అంటే కాదు. అదే నా ఏడుపు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును. మన వైపు పరామర్శకు ఒక చట్టం ఉంది. అది ఏ పుస్తకంలోనూ లేదు, అందరికీ కంఠతా వచ్చు. రోగి మంచం పక్కన కూర్చోవాలి, చెయ్యి పట్టుకోవాలి, తెచ్చిన పండో బ్రెడ్డో చేతికివ్వాలి, అదీ ఆలస్యం కాకుండా జరగాలి. ఆలస్యమైతే ఆ మాట పెళ్ళిళ్ళలో, కర్మల్లో, మనవల తరం దాకా నడుస్తుంది. బావగారికి అప్పటికే జ్వరం వచ్చింది. ఇంకో పనైతే ముసుగు తన్ని పడుకునేవాడు. ఆయన మాత్ర మింగి, చెమట పట్టించుకుని, కారెక్కాడు.

అన్నయ్య గేటు దగ్గర ఆపబోయాడట. “ఏరా, నన్ను కూడా వీధిలో నిలబెడతావా? నీ పెళ్ళికి పందిరి వేయించినవాణ్ణిరా నేను!” అన్నాడు బావగారు.

“అది కాదు బావా, డాక్టర్లు...”

“డాక్టర్లకేం తెలుసురా మన బంధుత్వాలు? కాస్త జ్వరం తగిలింది, తగ్గింది. అప్పటికీ ఆలస్యమైపోయిందని మీ అక్క నన్ను నిలవనివ్వడం లేదు. జరుగు.”

అన్నయ్య జరిగాడు. ఒట్టి మెతక మనిషి. పెద్దవాళ్ళ ముందు నోరు పెగలదు. ఆయన్ని ఏమనను? అన్నా, ఆయన తనని తాను తిట్టుకున్నంత నేను తిట్టలేను. వదిన మాస్కు పెట్టుకుని, “అన్నయ్యగారూ, చేతులు కడుక్కుని ఆ గుమ్మం దగ్గరే కూర్చోండి” అంది. “నీ సబ్బు పిచ్చి ఇంకా పోలేదమ్మా” అని నవ్వి, బావగారు కుర్చీ మంచం పక్కకు లాక్కున్నాడు. భుజం మీది కండువా నోటికి పట్టుకుని దగ్గాడు. ఆ చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. తెచ్చిన ప్రసాదం నోట్లో పెట్టబోయి, మాస్కు అడ్డం వస్తే దాన్ని తనే కిందికి లాగాడు. ప్రేమ! దిక్కుమాలిన ప్రేమ! ఆయన వెళ్ళగానే వదిన కిటికీలన్నీ తెరిపించి, చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయిందట. తర్వాత ఒళ్ళు వెచ్చబడింది. ఆ వారంలో ఆ గుమ్మం దాటి వచ్చిన బయటిమనిషి ఒక్కరే. విజయవాడ తీసుకెళ్తే ఫ్లూ అన్నారు, ఊపిరితిత్తులకు దిగిందన్నారు. బావగారింట్లో వచ్చిందీ ఫ్లూయేనని ఆ తర్వాత వాళ్ళ డాక్టరే అన్నయ్యకు చెప్పాడు.

ఆస్పత్రిలో నన్ను మాస్కు, గౌనుతో కాసేపు లోపలికి పంపారు. వదిన మాట గాలిలా వస్తోంది. “మీ సత్యం బావగారికి చెప్పకే. పాపం, ఆప్యాయంగా వచ్చాడు. తెలిస్తే తట్టుకోలేడు” అంది. “నువ్వేనా ఈ మాట అంటున్నది?” అన్నాను. నవ్వడానికి ప్రయత్నించింది. సరేనన్నాను. బావగారికి చెప్పకే అన్నదే ఆవిడ నాతో అన్న ఆఖరి మాట.

పెద్దకర్మ నాడు బందరు ఇంటినిండా జనం. సబ్బు వదిన ఇంట్లో, చేతులు కడుక్కునే కుళాయి దగ్గర సబ్బు లేదు! నేనే వెతికి తెచ్చి పెట్టాను. సత్యం బావగారు నట్టింట కూర్చుని, “ఆఖరిసారి చెయ్యి పట్టుకుని పలకరించే అదృష్టం నాకు దక్కిందమ్మా” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. వానలో తడిసి మళ్ళీ జలుబు పట్టిందట, మధ్యమధ్య ముక్కు చీదుతున్నాడు. నేను పళ్ళు బిగబట్టుకుని విస్తళ్ళు సర్దుతున్నాను. అప్పుడన్నాడు, “భోజనం కాగానే ఇటు నుంచి ఇటే పామర్రు వెళ్ళాలి. మనవరాలు ప్రసవించింది కదా, నెలలు నిండకుండానే పుట్టింది పిల్ల. ఇంకా వెళ్ళి ఎత్తుకోలేదని వియ్యాలవారు ఏమైనా అనుకుంటారు.”

చేతిలో విస్తళ్ళు కింద పడేశాను.

“బావగారూ, మీరు వెళ్ళడానికి వీల్లేదు.”

“అదేమిటే? ఉత్త జలుబేగా.”

“వదిన దగ్గరికి కూడా ఉత్త జ్వరంతోనే వచ్చారు.”

అన్నయ్య నా చెయ్యి పట్టుకుని “వద్దే” అన్నాడు. బావగారు నన్ను చూశాడు, అన్నయ్యను చూశాడు. అన్నయ్య తల దించుకున్నాడు.

“అంటే... నా వల్లేనంటావా?” అన్నాడు.

వంశంలో పెద్దవాడు. చిన్నప్పుడు తన భుజాల మీద నన్ను ఊరేగింపులకు తీసుకెళ్ళినవాడు. అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆ క్షణంలో నాకు అర్థమైంది. “అవును బావగారూ” అన్నాను.

ఆయన తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. భోజనానికి లేవలేదు. మా అక్క నా వైపు నిప్పులు కక్కేలా చూసింది. కర్మ నాడు ముసలాయన్ని క్షోభ పెట్టానని బంధువులు ఇప్పటికీ నా మీద మండిపడుతున్నారు. పడనివ్వండి. ఒక్క మాట అడుగుతాను, ఆ గేటు అట్ట చదివి కూడా ఆవిణ్ణి అతి అన్న నోళ్ళు ఇవే కదా?

మేడ మీద కుర్చీ అలాగే ఉంది, తీయడానికి అన్నయ్యకు చేతులు రావడం లేదు. అంత వైద్యం, అంత ఓర్పు, ఎదుటివాడికి నచ్చని నిజాన్ని నవ్వుతూ చెప్పగల ఆ ధైర్యం మా ఇంట్లో ఇంకెవరికీ లేవు. నాకు ఉన్నది కోపం ఒక్కటే. దానితోనే ఈ సంస్మరణ పూర్తి చేస్తున్నాను.

వదినా, నువ్వు బతుకంతా చెప్పిన మాట ఒకటి, ఆఖరున అడిగిన మాట ఒకటి. రెండూ ఒకేసారి నిలబెట్టడం నా వల్ల కాలేదు. బావగారి కారు ఆ రోజు పామర్రు వైపు తిరగలేదు, తిన్నగా గుడ్లవల్లేరు వెళ్ళిపోయింది. జలుబు పూర్తిగా తగ్గాక, మొన్న ఆయన పామర్రు వెళ్ళాడట. ఎవరూ చెప్పకుండానే కుళాయి దగ్గరికెళ్ళి సబ్బు అడిగి, చేతులు కడుక్కుని కూడా పిల్లను ఎత్తుకోలేదట. గుమ్మం దగ్గరే నిలబడి, దూరం నుంచి చూసి వచ్చేశాడట.