సమాధుల మీద మిరప కల్లం

ఆ ఊరి పేరు చెప్పి ఏం లాభంలెండి. అద్దంకి బస్సు దిగి కాలవ గట్టెంట నడిస్తే వస్తుంది, అటుపక్క అలాంటి ఊళ్ళకు కొదవ లేదు. ఊరికి తూర్పున క్రైస్తవుల పల్లె, పల్లెకు అవతల వాళ్ళ సమాధుల తోట. తోట అంటే పూలమొక్కలు ఉంటాయనుకునేరు, నాలుగు తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. చుట్టూ పత్తీ మిరపా పండే నల్లరేగడి, మధ్యలో ఆ దిబ్బ ఒక్కటే గట్టి గరప నేల. అదే దాని ఖర్మ అయింది. మిరపకాయ కోతకొచ్చిందంటే చాలు, సర్పంచి పేరయ్యకు కాయ ఆరబెట్టుకోవడానికి అంతకన్నా మంచి కల్లం కనిపించేది కాదు. సమాధుల మీద ఎర్రగా పరిపించి, పక్కనే కావలి పాక వేయించేవాడు. ఈస్టరు తెల్లవారుజామున పల్లెవాళ్ళు తమ పెద్దల సమాధుల దగ్గరికి కొవ్వొత్తులు తెచ్చుకుని, కాయ తొక్కకుండా అంచున నిలబడి, అక్కడే వెలిగించి వచ్చేవాళ్ళు. ఇదేం అన్యాయం అని నోరు తెరిచి అడిగినవాడు లేడు.

అడిగిన మనిషి దేవకుమారి.

ఆమె ఆ పల్లెకు కోడలుగా వచ్చింది. మిషను హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదువుకుంది. పెనిమిటి జక్రయ్య కామెర్లతో పోయేనాటికి ఆమెకు ముప్ఫై నిండలేదు. ఆ రోజు ఇంటినిండా జనమే, అందరూ ఏడ్చేవాళ్ళే. ముసలి ప్రేమమ్మ ఒక్కతే పొయ్యి వెలిగించి, నీళ్ళు కాచి, శవానికి స్నానం చేయించి, తెల్లగుడ్డ కుట్టి, గుంట తవ్వడానికి మగవాళ్ళను కేకేసింది. నెల తర్వాత ఆ ముసలామే దేవకుమారి గుమ్మంలోకి వచ్చి, "ఏడ్చేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారే అమ్మాయ్. నీళ్ళు కాచేవాళ్ళు కావాలి. నాతో రా," అంది.

అంతే, అప్పట్నుంచి ఆ పని దేవకుమారిదైంది. పొద్దున కూలికి వెళ్ళి మిరపకాయలు కోసేది. ఎవరికైనా జబ్బు చేసిందంటే ఆ కూలి కూడా మానుకుని, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి, వరండాలో గుడ్డ పరుచుకుని వాళ్ళతో పాటే పడుకునేది. పల్లెలో ఎవరు కన్నుమూసినా ముందు వినపడే మాట, "దేవకుమారిని కేకెయ్యండి." ఇంత చేసినా చర్చి సంఘంలో ఆమెకు ఏ పెద్దరికమూ ఇవ్వలేదు. ఆడదానికి ఎందుకనుకున్నారు. ఆమె కూడా అడగలేదు.

ఎనభై ఏడు మార్చిలో ప్రేమమ్మ పోయింది. దేవకుమారి స్వయంగా స్నానం చేయించి, గుడ్డ కుట్టి, నేరుగా పేరయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు.

"అయ్యా, కల్లంలో ఒక మూల కాయ ఎత్తిస్తే మా ప్రేమమ్మను పూడ్చుకుంటాం," అంది.

"కాయ ఇంకా పచ్చిమీదుంది. ఇప్పుడు పోగేశామంటే మగ్గి, రంగుపోయి తాలైపోద్ది. నాలుగు రోజుల దాకా ఎత్తడం నావల్ల కాదు."

"నాలుగు రోజులు శవాన్ని ఎక్కడ పెట్టుకోమంటారయ్యా?"

"కాలవ గట్టు లేదూ? పైగా శవం కల్లం మీదగా పోయిందని తెలిస్తే గుంటూర్లో నా కాయ ముట్టుకునేదెవరు?"

వింటున్నారా? ఆ కాయ కోసింది పల్లె ఆడవాళ్ళు. మోసింది వాళ్ళు, పరిచింది వాళ్ళు, తాలు ఏరేదీ వాళ్ళే. ప్రేమమ్మ కూడా కళ్ళు కనపడినన్నాళ్ళూ ఆ కల్లంలోనే నడుం వంచింది. బతికుండగా ఆ చేతులకు లేని మైల చచ్చాక ఎట్లా వచ్చిందో ఆ మహానుభావుడికే తెలియాలి.

దేవకుమారి కదలకపోయేసరికి పేరయ్యకు చిరాకేసింది. "నన్నడుగుతావేంటి? పంచాయతీ తీర్మానం చేసే నాకిచ్చింది. మీ బాలస్వామి కూడా సంతకం పెట్టాడు. పోయి వాణ్ణడుగు," అన్నాడు.

ప్రేమమ్మను కాలవ గట్టునే పూడ్చారు. తవ్వుతుంటే గుంటలో నీళ్ళూరాయి. తోడేకొద్దీ ఊరాయి. చివరికి ఆ బురదలోనే పెట్టె దించారు. పాస్టరుగారు చీలమండల దాకా దిగబడి ప్రార్థన చేశారు. పల్లె పల్లెంతా అక్కడ నిలబడి చూసింది. దేవకుమారికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే బాలస్వామి ఇంటికి వెళ్ళింది. ఆయన జక్రయ్యకు పెదనాన్న కొడుకు, ఆమెకు బావ వరస. పల్లె వార్డుకు మొదట్నుంచీ ఆయనే మెంబరు. ఆదివారం చర్చిలో ఎంత కష్టమైన వాక్యమైనా తడుముకోకుండా చదివే మనిషి.

"బావా, సమాధుల తోట కల్లానికిమ్మని నువ్వు సంతకం పెట్టావా?"

"పెట్టే ఉంటాను."

"పెట్టే ఉంటానేంటి? ఏం రాశారో చదవలేదా?"

బాలస్వామి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మీటింగప్పుడు నేను వరండాలో నిలబడతానమ్మా. లోపలికొచ్చి కూర్చోమని ఎవరూ అనలేదు. అంతా అయిపోయాక పుస్తకం బయటికి పంపుతారు. చదువుతా నిలబడితే, ఏంట్రా మామీద అనుమానమా అంటారు. చూపించిన చోట పెట్టి వచ్చేస్తాను."

పెద్దవాడని చూడకుండా నాలుగు దులుపుదామనుకుంది. ఆయన మొహం చూసి ఊరుకుంది. ఇంటికొచ్చాక మాత్రం కోపం ఇంకా పెరిగింది. ఇన్నేళ్ళూ తను నీళ్ళు కాచింది, గుడ్డ కుట్టింది, గుంట తవ్వించింది. ఆ గుంట ఎక్కడ తవ్వాలో తేల్చేది మాత్రం పంచాయతీ గదిలో. ఆ గదిలో తన పల్లె మనిషి కూర్చున్నదే లేదు. ఇక నేనే వెళ్ళి కూర్చుంటాను అనుకుంది.

మరుసటేడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. దేవకుమారి పల్లె వార్డుకు నామినేషన్ వేసింది. ఎప్పట్లాగే పేరయ్య బాలస్వామి చేతా వేయించాడు. పోటీలో వీళ్ళిద్దరే. ఊళ్ళో టీ కొట్టు దగ్గర, "కాటిపని చేసేదానికి కుర్చీ కావాల్సొచ్చిందంట," అని నవ్వుకున్నారు. పల్లె ఆడవాళ్ళు, "రేపు పన్లోకి పిలవకపోతే ఏం తింటామే?" అన్నారు. వాళ్ళ భయం వాళ్ళది, వాళ్ళననడానికి లేదు.

పాస్టరుగారు పిలిపించి, "సేవ చేసుకునేదానివి, నీకెందుకమ్మా ఈ రాజకీయం?" అన్నారు.

"మీరు ప్రార్థన చేసింది కూడా బురదలో నిలబడే కదా అయ్యగారూ," అంది.

నామినేషన్లు వెనక్కి తీసుకోవడానికి చివరి రోజు పొద్దున్నే పేరయ్య పల్లెలోకొచ్చాడు. ఓట్లకు తప్ప ఆ గడ్డ తొక్కని మనిషి, బాలస్వామిని వెంటబెట్టుకుని వచ్చి చర్చి ముందు కుర్చీ వేయించుకున్నాడు. పల్లెంతా మూగింది. దేవకుమారిని పిలిపించాడు.

"మనలో మనకెందుకు తగువు? నీ బాధ నాకర్థమైంది. ఈస్టరు దగ్గరికొచ్చింది. కల్లం ఖాళీ చేయిస్తాను, చుట్టూ కంచె వేయిస్తాను. నువ్వు కాగితం వెనక్కి తీసుకో," అన్నాడు.

జనంలో గుసగుసలు లేచాయి. "మనక్కావాల్సింది అదేగా, ఒప్పుకోవే," అని ఒకామె ఆమె భుజం తట్టింది. దేవకుమారికీ మనసు లాగింది. ఈస్టరు పూట జక్రయ్య సమాధి దగ్గరికి పోయి నిలబడి ఎన్నేళ్ళయింది? సరే అంటే ఆ కాయలన్నీ లేచిపోతాయి.

"కాయ పచ్చిమీదుంది కదండీ పేరయ్యగారూ. ఎప్పటికి ఎత్తుతారు?"

"ఎప్పటికో ఏంటి? ఇరవై మందిని పెడితే పొద్దు గూకేలోపు ఎత్తిపారేస్తారు. నాలుగు బస్తాలు తాలైతే అయింది. నీకా అనుమానం అక్కర్లేదు."

"మరి ప్రేమమ్మ పోయిన రోజు ఎత్తలేకపోయారేం?"

భుజం తట్టినామె చెయ్యి తీసేసింది. జనమంతా పేరయ్య వైపు తిరిగారు. ఇంతమందీ ఏడాదిగా, పాపం పచ్చికాయ కదా, ఆయన మాత్రం ఏం చేస్తాడులే అనుకుంటున్నవాళ్ళే.

"నేను తీసుకోనండి," అంది దేవకుమారి.

పేరయ్య కండువా దులిపి లేచాడు. "ఒరేయ్ బాలస్వామీ, పదరా."

బాలస్వామి అక్కడే నిలబడ్డాడు. "మీరు నడవండయ్యా. నేను ఆఫీసుకు పోవాలి. నా కాగితం వెనక్కి తీసుకోవాలి," అన్నాడు.