అవ్వ అరచెయ్యి పరీక్ష

మత్తు ఇచ్చింది మా మనవడికి, మత్తులో ఉన్నట్టు మాట్లాడింది మాత్రం నేను. నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటే, తర్వాత మీరు నవ్వినా నాకు కొత్తగా పోయేదేమీ ఉండదు. పుట్టుకతోనే మూత్రం వచ్చే దారి సరైన చోట లేదని మా కూతురి కొడుక్కి మొన్న హిందూపురంలో ఆపరేషన్ చేశారు. గదిలోకి తెచ్చి పడుకోబెట్టగానే నేను వాడి అరికాలి కింద అరచెయ్యి పెట్టి తొక్కమన్నాను. వాడు నన్ను చూసి నవ్వాడు గానీ తొక్కలేదు. రెండో కాలూ అంతే. ఇంక నేను వరండాలోకి వచ్చి, పిల్లోని కాళ్ళు పడిపోయినాయని పెట్టిన కేకలకు పక్క గదిలోని రోగి కూడా సెలైన్ స్టాండుతో సహా బయటికి వచ్చాడు.

ఆ పరీక్ష మా అవ్వది. ధర్మవరంలో గుంతమగ్గం మీద పట్టుచీరలు నేసే ఇల్లు మాది. గుంతలో పలకలు తొక్కే కాళ్ళు ఆగితే పైన చీరా ఆగిపోతుంది, అందుకని పిల్లలకు జ్వరమొచ్చినా, మిద్దె మీంచి పడినా అవ్వ నుదురు ముట్టుకునేది కాదు, అరికాలి కింద చెయ్యి పెట్టి తొక్కమనేది. ఆ కాలంలో మా వైపు ఎందరో పిల్లలకు మాదిరే నాకూ మూత్రసంచిలో రాయి చేరితే పెనుకొండలో కోసి తీశారు. మత్తు వదిలేసరికి నేనూ నొప్పీ ఒక్కసారే మేలుకున్నాం. అవ్వ చెయ్యి పెట్టింది, నేను తొక్కాను, తొక్కి అరిచాను. అవ్వ కళ్ళు తుడుచుకుని, కాలుండాది, గొంతుండాది, ఇంగ బిడ్డ దక్కినట్టే అనింది. నాకంటే కొంచెమే పెద్దవాడైన మా చిన్నాయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. అప్పట్నుంచి ఏ పెళ్ళిలో కలిసినా, నా పెళ్ళిలో మా మామగారి ఎదుట కూడా, వీని ఏడుపు కొండమీద కోటదాకా ఇనపడింది అని చెప్పందే ఆయనకు ముద్ద దిగలేదు.

నా కేకలకు మత్తు డాక్టరమ్మ వచ్చింది. కోప్పడలేదు. పొద్దున్నే మా కూతురికి అంతా చెప్పిందట, అప్పుడు నేను కాఫీకి పోయి ఉన్నాను. బిడ్డ నిద్రపోయాక నడుము దిగువన, తోకెముకకు కాస్త పైన, సన్నని సూదితో మందు వేస్తారట. అక్కడి నరాలు కొన్ని గంటలపాటు నొప్పి కబురు మొయ్యవట, కొందరు పిల్లలకు కాళ్ళు కూడా బరువెక్కి మెల్లగా తేరుకుంటాయట, ఆలోపలే నోటికి నొప్పి మందు మొదలుపెడతారట. నాకు భయం దిగి వింత ఎక్కింది. కోత ఉంది, కుట్లున్నాయి, మరి ఆ నొప్పి ఇంతసేపూ యాడ కూర్చోనుంటుందమ్మా అని అడిగాను.

“ఆడనే ఉంటాది తాతా. బిడ్డ దగ్గరికి పోయే దోవ మూసినాం, అంతే.”

ఇన్నేళ్ళు పోగులతో బతికినవాడిని, పోగు తెంపకుండా దాని మీద పోయే కబురును అలా ఆపడం మాత్రం నాకు తెలియని పని. మంచం పక్కన కూర్చుని అదే ఆలోచించాను. అవ్వకు బిడ్డ దక్కిన గుర్తు ఏడుపు. ఈ గదిలో ఏడుపే లేదు, వాడు ఇడ్లీ నములుతూ ఫోన్లో బొమ్మలు చూస్తున్నాడు. పెద్దయ్యాక వాడికి ఈ రోజు గుర్తే ఉండదు. నాకు ఆ నొప్పి ఇప్పుడు మాట వరసకే మిగిలింది గానీ, అరికాలి కింద అవ్వ చెయ్యి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది. నొప్పి లేనిచోట అలాంటి చెయ్యి దేన్ని పట్టుకుని గుర్తుంటుందో డాక్టరమ్మను అడగలేకపోయాను.

సాయంత్రానికి వాడు రెండు కాళ్ళతోనూ దుప్పటి తన్నేశాడు. కానీ అంతకుముందే, నేను కేకలు పెట్టిన గంటకల్లా, వాణ్ణి చూడాలని పొద్దున్నే ధర్మవరంలో బయల్దేరిన చిన్నాయన బస్సు దిగి వచ్చాడు. కర్ర గోడకానించి, ఎవరినీ ఏమీ అడక్కుండా, వాడి అరికాలి కింద అరచెయ్యి పెట్టాడు. మత్తు సంగతి నేను ముందే చెప్పగలిగేవాణ్ణే, చెప్పలేదు. భుజం మీది టవలు సర్దుకుని కూర్చున్నాను. ఆ వయసులో ఆయనకు అంత గొంతు మిగిలి ఉందని నేననుకోలేదు. నర్సు పరుగెత్తుకొచ్చేదాకా అరవనిచ్చి, అప్పుడన్నాను:

“మెల్లగా చిన్నాయనా, పెనుకొండ కోటదాకా ఇనపడతాండాది.”