సెల్ఫు తిరుగుతోంది, బండి అందుకోదు

ఆ వీధిలో ఆమెను క్యారేజీలమ్మ అనేవారు. పొద్దున్నే వంట చేసి, మధ్యాహ్నానికల్లా ఊరి చివరి బట్టల మిల్లులో పనిచేసేవాళ్ళకు క్యారేజీలు అందించడం ఆమె పని. భర్త కారు మెకానిక్కు. అందరికీ మేస్త్రీయే. కంటి నరాలు దెబ్బతిని చూపు పూర్తిగా పోయాక ఆయన ఇంటి పక్కనున్న షెడ్డు షట్టరు దించేసి వసారాలో కుర్చీ వేసుకున్నాడు. అప్పుడే ఆమె పొయ్యి పెద్దది చేసింది. కారు నడపడమూ అప్పుడే నేర్చుకుంది.

ఆ కారు మేస్త్రీ పడుచుతనంలో పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చి నిలబెట్టినది. చూపు పోయాక దాన్ని ముట్టుకోలేదు. ఎవరైనా కదిలిస్తే, "అమ్మేయమని చెబుతూనే ఉన్నా, వింటేగా" అనేవాడు.

ఒకరోజు ఆమె క్యారేజీలన్నీ వెనక సీట్లో సర్ది తాళం తిప్పింది. సెల్ఫు గిరగిరా తిరిగింది. ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. అదే తంతు. చివరికి ఆటో పిలిచి క్యారేజీలు ఎక్కించింది. కుదుపులకు సగం గిన్నెలు ఒలికాయి. మిల్లు గేటు దగ్గర ఒకాయన మూత తీసి చూసి, "ఇలాగైతే మేం క్యాంటీన్లోనే తింటామమ్మా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

ఇంటికొస్తూనే మేస్త్రీ శిష్యుడికి ఫోను చేసింది. అతనికిప్పుడు సొంత గ్యారేజీ ఉంది.

"వచ్చే వారం దాకా తల గోక్కునే తీరిక లేదు వదినా. ఏమనుకోకు."

ఏమీ అనుకోలేదు. కొంగు నడుముకు చుట్టి, బానెట్ లేపి, చేతికి దొరికిన పట్కారుతో దేన్నో విప్పబోయింది. పట్కారు నట్టు మీద జారి కీచుమంది.

"ఏం విప్పుతున్నావ్?" వసారాలోంచి మేస్త్రీ అడిగాడు.

"బ్యాటరీ."

"సెల్ఫు అంత జోరుగా తిరుగుతుంటే బ్యాటరీకేం రోగం? దాని జోలికి పోకు."

"అయితే దేని జోలికి పోవాలో మీరే చెప్పండి."

"చూడకుండా ఏం చెప్పను?"

"చూడ్డానికి నేనున్నాగా. నాకు తెలీదు, అంతే. మీకు తెలుసు. లేచి రండి."

"నన్నొదిలెయ్యవే. దాన్ని అమ్మెయ్."

"స్టార్టు కాని కారు ఎవడు కొంటాడు? అమ్మడానికైనా బాగుపడాలి."

మేస్త్రీ పక్కనే బట్టలు మడతపెడుతున్న ఆయన అక్క నవ్వింది. "లేరా. ఇది పట్టిందంటే ఉడుం పట్టు. సాయంత్రం దాకా కూర్చున్నా నిన్ను లేపే లోపలికెళుతుంది."

గోడ తడుముకుంటూ ఆయన వచ్చాడు. బానెట్ అంచు మీద చేయి ఆనించాడు. తరవాత అక్కను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, గేరు న్యూట్రల్లో ఉందో లేదో భార్యను చూడమన్నాడు.

"తిప్పక్కా." చెవి ఒగ్గి విన్నాడు. "చాలు. తిరగడం సమంగానే ఉంది. లోపలేం విరగలేదు. ఇక ఉండాల్సినవి రెండే. నిప్పూ, పెట్రోలూ."

ఆయన చెప్పినట్టే ఆమె ఒక ప్లగ్గు ఊడదీసి, వైరు మళ్ళీ తగిలించి, మందపాటి రబ్బరు ముక్కతో పట్టుకుని ప్లగ్గును ఇంజనుకు ఆనించింది. అక్క తాళం తిప్పింది. టిక్కు టిక్కుమని నీలి మెరుపు ఎగిరింది.

"నిప్పుంది," అని, ప్లగ్గు అందుకుని వాసన చూశాడు. "ఎండుటాకులా ఉంది. ఇంతసేపు సెల్ఫు కొడితే పెట్రోలుతో తడిసుండాలి. నిన్న పోయించావా?"

"ట్యాంకు నిండా పోయించా."

"అయితే దార్లో ఎక్కడో ఆగుతోంది."

ప్లగ్గు బిగించాక, ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర ఊడదీయించి, పంపుకు చిన్న రబ్బరు గొట్టం తగిలించి దాని కొస పెట్రోలు సీసాలో ముంచమన్నాడు. అక్క తాళం తిప్పింది. మొదట ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పేసరికి ఇంజను దగ్గి, తుమ్మి, అందుకుంది. సీటు అదిరేసరికి అక్క స్టీరింగును వాటేసుకుంది.

"ఆపేయ్," అన్నాడు మేస్త్రీ. "పంపు మంచిదే. కార్బురేటరూ మంచిదే. సీసాలోంచి తాగుతోంది, ట్యాంకులోంచి తాగలేకపోతోంది. కింద గొట్టమంతా చూడాలి."

కారును జాకీతో లేపి చెక్క దిమ్మెలు పెట్టింది. టార్చి పట్టుకుని కిందకు దూరి చూసింది. గొట్టం నల్లగా, నున్నగా, ఎక్కడా తడి లేకుండా ఉంది. రెండోసారి చూసినా అంతే.

"బాగానే ఉందండీ."

"కంటికి బాగానే ఉంటుంది. తప్పుకో."

గోనె పట్టా మీద పడుకున్నాడు గాని తల లోపలికి పోనిచ్చే ముందు ఆగిపోయాడు. "ఎటు పోతున్నానో తెలీట్లేదే," అన్నాడు మెల్లగా.

ఆమె పక్కనే నేల మీద పడుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని ట్యాంకు దగ్గర గొట్టం మొదలు మీద పెట్టింది. "ఇక్కణ్ణుంచి మీదే."

వేళ్ళు అంగుళం అంగుళం జరిగాయి. ఒక ఇనప పట్టీ కింద ఆగాయి, వెనక్కి వచ్చాయి, మళ్ళీ ఆగాయి. ఆయన గొట్టాన్ని కొంచెం వంచాడు. అప్పుడు ఆమె టార్చి వెలుగులో సన్నటి చీలిక పెదవి విప్పినట్టు తెరుచుకుంది.

"పెట్రోలు కారదు, లోపలికి గాలి పీలుస్తుంది. పంపు గాలి తాగుతూ కూర్చుంది. కొత్తది షెడ్డులో ఎడమ గోడకి వేలాడుతుంటుంది, పట్రా."

షట్టరు తుప్పు పట్టి మొరాయించింది. వదినా మరదళ్ళు కలిసి లేపారు. గొట్టం మార్చి క్లిప్పులు బిగించేసరికి ఎండ వాలింది. ఇంజను ఈసారి ఆగమనేదాకా ఆగలేదు. మేస్త్రీ మసి చేతులు తుడుచుకోకుండానే వసారా మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. చెంబుడు తాగి, ఇంకా కావాలన్నాడు.

మర్నాడు క్యారేజీలు సర్దుతుంటే ఆయన వచ్చి ముందు సీటు తలుపు తడిమి తెరిచాడు. ఎక్కి కూర్చున్నాడు. మిల్లు దారి ఎత్తు ఎక్కుతుండగా చెవి ఇంజను వైపు పెట్టి అన్నాడు.

"మూడో గేరులో ఎందుకలా లాగుతావ్? దాని గొంతు వినపడట్లేదూ?"

"నడిపేది నేను."

"నడుపు, ఎవరొద్దన్నారు? రెండులోకి మార్చి నడుపు."

ఆమె రెండులోకి మార్చింది.