సుబ్బరత్నం రక్తం చెప్పిన మాట

నరసరావుపేట బట్టల బజారులో సుబ్బరత్నం కొట్టు తెలియని ఆడవాళ్లు తక్కువ. భర్త పోయాక దాన్ని ఒంటిచేత్తో నిలబెట్టింది. నోరు పెద్దది, బేరం గట్టిది. అలాంటి మనిషి అన్నంలో మజ్జిగ పోసి పిసికి జావలా తాగడం మొదలుపెట్టింది. పళ్లు నొప్పని కోడలు దీపశ్రీని నమ్మించింది. జాకెట్లు వదులయ్యాయి. చివరికి మజ్జిగ కూడా గొంతు దిగక వెనక్కొచ్చిన రోజున దీపశ్రీ ఇంకేమీ వినకుండా గుంటూరు తీసుకెళ్లింది.

అన్నవాహికలో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేయాల్సిన డాక్టర్ అబిదా ఏదీ దాచలేదు.

"గడ్డ తీసెయ్యొచ్చమ్మా. నా దిగులంతా మీ రక్తం గురించే. ఒంటి బలాన్ని చెప్పే ఆల్బుమిన్ బాగా తగ్గింది. లోపలి వాపును చెప్పే సీఆర్‌పీ పెరిగింది. ఇలాంటి రక్తంతో ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లు మిగతావాళ్లంత కాలం బతకడం తక్కువ."

దీపశ్రీ తల దించుకుంది. సుబ్బరత్నం మాత్రం డాక్టరు మొహంలోకే చూసింది.

"అయితే నా పని అయిపోయినట్టేనా?"

"కాదు. చాలామందిని చూసి చెప్పే మాట అది. మీ ఒక్కరి సంగతి ఖాయంగా చెప్పలేం. ముందు కీమో ఇస్తాం, గొట్టంతో తిండి పెడదాం. కొంచెం కోలుకున్నాక ఆపరేషన్ చేద్దాం."

ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. దాన్ని చెంపకు అంటించుకుని సుబ్బరత్నం కొట్లో కూర్చునేది. డాక్టరు రాసిన పొడిని దీపశ్రీ నీళ్లలో కలిపి సిరంజితో పోసేది.

"ఏందత్తా, ముక్కుకది?" అని అడిగింది బేరానికొచ్చిన ఒకావిడ.

"అన్నం పోయే దారి. నీకు జాకెట్టు గుడ్డ ఎంత కావాలో చెప్పు."

కీమో మొదలయ్యాక ఆ నోరు మూతబడింది. వాంతులతో నీరసించి, ఒక మధ్యాహ్నం గొట్టం లాగేయబోయింది.

"ఎందుకే ఈ తిప్పలు? నా రక్తం ముందే చెప్పేసింది గదా."

దీపశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. "అది అప్పటి సంగతి చెప్పిందత్తా. మళ్లీ అడుగుదాం."

మళ్లీ పరీక్ష చేయించారు. ఆల్బుమిన్ పెరిగింది. వాపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

"నేను కోరుకున్నంత లేదు. మొదటికంటే చానా నయం. ఇప్పుడు చేయొచ్చు" అంది అబిదా.

ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి అందరినీ భయపెట్టింది. సుబ్బరత్నం మెల్లగా తేరుకుంది. అన్నవాహిక తీసేసి పొట్టనే పైకి లాగి గొంతుకు కలిపారు గనుక పిడికెడేసి తినడం, తిన్నాక పడుకోకుండా ఉండడం కొత్తగా నేర్చుకుంది. మొదటిసారి ఇడ్లీ ముక్క సాఫీగా దిగినప్పుడు కళ్లు మూసుకుని ఇంకో ముక్కకు చెయ్యి చాచింది.

ఆపరేషనై ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. స్కానింగుల్లో ఏమీ కనబడలేదు. అయినా పరీక్షలకు వెళ్లే ముందు ఎవరితోనూ సరిగా మాట్లాడదు. ఆ భయం పోలేదు. మొన్న నేత చీరలు తేవడానికి ఒక్కతే చీరాల బయల్దేరింది. దీపశ్రీ తోడొస్తానంది.

"ఇద్దరం పోతే కొట్టెవరు చూస్తారే?" అంటూ బస్సెక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంది.