ఎస్తేరత్త వద్దన్న రొట్టె

నల్లద్రాక్ష ఉడుకుతుంటే వచ్చే వాసన తియ్యగా మొదలై, చివరికి కాస్త వగరుగా ముక్కుకు తగులుతుంది. ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం మా వంటింట్లో ఇదే వాసన. రాజాంలోని మా చిన్న సంఘానికి మర్నాడు అందరం కలిసి రొట్టె, రసం పుచ్చుకునే ప్రభువు బల్ల కోసం రసం కాచేది, పులియని రొట్టె కాల్చేది ఇప్పుడు నేనే. ఉడికిన పళ్ళను గుడ్డలో వేసి పిండితే వేళ్ళు ఊదారంగుకు తిరిగిపోతాయి. సోమవారం బడికి వెళితే పిల్లలు "చేతికేమైంది టీచర్?" అని అడుగుతూనే ఉంటారు. నిన్న కూడా పిండుతూ ఉంటే వెనక నుంచి ఎవరో "అంత గట్టిగా పిండకే, గింజ సితికితే సేదొస్తాది" అన్నట్టనిపించి చెయ్యి ఆగింది. ఎవరూ లేరు. ఆ మాట అనే ఎస్తేరత్త పోయి ఏళ్ళయింది.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు, సంఘం మొత్తానికీ అత్తే. భర్త పోయిన మనిషి. బల్లకు రొట్టె కాల్చడం, ఆదివారం మందిరం గుమ్మంలో నిలబడటం ఆవిడ పనులు. ఆడవాళ్ళు తలమీద కొంగు వేసుకున్నారా, జడలో పువ్వులున్నాయా అని అక్కడే చూసేది. ఇక ఆ నోరు! అబ్బో, మగవాళ్ళు సైతం పక్క గుమ్మంలోంచి దూరేవారు. నేను చీపురుపల్లి వైపు వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబంలో పుట్టాను. ఎవరి బలవంతమూ లేకుండా, మనసారా నమ్మి బాప్తిస్మం తీసుకున్నాను, ఆ తర్వాతే పెళ్ళి. కొత్త కోడలిగా మొదటి ఆదివారం జడనిండా కనకాంబరాలు పెట్టుకుని వెళ్ళాను. గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏటే ఇది? పువ్వులెట్టుకుని రావడానికి ఇదేటి, పెళ్ళి పందిరేటి?" అంటూ దండ లాగేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మా ఆయన ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. ఆరాధన అయ్యాక బోరింగు దగ్గరికి పిలిచి నా చేతిలో ఓ పొట్లం పెట్టింది. "తడిగుడ్డలో సుట్టినాను. ఇంటికెల్లి ఎట్టుకో. ఒక్క పువ్వు వాడితే నన్నడుగు" అంది. ఇంటికెళ్ళి విప్పితే నిజంగానే ఒక్క పువ్వు వాడలేదు. లాగేసిన మనిషే ఇంత జాగ్రత్తగా దాచిపెట్టడం ఏమిటో నాకు ఎంతకీ అర్థం కాలేదు.

మా సంఘం చెడ్డదని నేననను. జ్వరమొస్తే జావ కాచి తెచ్చేవాళ్ళు, ఆసుపత్రిలో పక్కన కూర్చునేవాళ్ళు అక్కడే దొరికారు నాకు. కానీ ఫ్యాను రెక్కల మీద ఇచ్చినవాళ్ళ పేరు రాయించే విషయంలో రెండు కుటుంబాలు ఏడాది పాటు మాట్లాడుకోలేదు. మైకు ముందు ఎవరు పాడాలన్నదాని మీద ఓ పండగ పాడైంది. ఆ పంతాలు, ఆ కడుపుమంటలు ఎవరి కంటికీ పాపంగా ఆనేవి కావు. పువ్వూ బొట్టూ మాత్రం ఆమడ దూరం నుంచే కనిపించేవి. ఒకసారి ఎస్తేరత్త ఫ్యాను కింద కూర్చుని పైకి చూస్తూ, "రెక్కలు మీవే, సరే. గాలైనా ప్రభువుదేనా, అదీ మీదేనా?" అని అందరికీ వినబడేలా అడిగింది. నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ ఫ్యాను గొడవ మరుసటి ఏడు వరికోతల రోజుల్లో మా అమ్మ పోయింది. నేనొక్కదాన్నే సంతానం. నా చేతులతో స్నానం చేయించాను, చీర కట్టాను. పెద్దదినం నాడు చుట్టాలతో పాటు భోజనాల బంతిలో కూర్చున్నాను. కర్మలో పాలు పంచుకోలేదు, పటానికి దణ్ణం పెట్టలేదు. మా పెద్దమ్మ నెయ్యి వేస్తూ, "తినవే తల్లీ, నువ్వు తింటేనే మీ యమ్మ కడుపు సల్లగుంటాది" అంటే తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. జరిగింది ఇంతే. నేను రాజాం బస్సు దిగేలోపే ఈ కబురు సంఘానికి చేరిపోయింది.

సంఘ పెద్ద అబ్రహాంగారు వడ్ల వ్యాపారి. పాస్టరుగారు కొత్తగా వచ్చిన కుర్రాయన, అబ్రహాంగారి మొహం చూడందే గొంతు సవరించుకోవడానికి కూడా భయపడేవారు. ఇద్దరూ కలిసి నన్ను కూర్చోబెట్టారు. "సచ్చినోళ్ళకెట్టిన కూడు తిన్న నోటితో ప్రభువు రొట్టెలా తింటావమ్మా? సంఘం ముందర నిలబడి, దినానికెల్లడం తప్పయిపోనాది, క్షమించండి అను. అందాకా నీకు బల్ల నేదు" అన్నారు అబ్రహాంగారు. ఇంటికొస్తే మా ఆయన కూడా, "ఒక్క మాటే కదా, అనేస్తే పోలా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాటేనట! కన్నతల్లి కోసం ఏడవడం పాపమని నా నోటితో నేనే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అమ్మను వదులుకున్నట్టు, ఒప్పుకోకపోతే నేను నమ్మి వచ్చిన ప్రభువు బల్లను వదులుకున్నట్టు. రెండూ నావే, ఏది వదిలేది?

ఆ నెల బల్ల రోజున వెనక గోడ వారగా చాప మీద కూర్చున్నాను. ముందు వరసలోంచి ఎస్తేరత్త లేచి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వచ్చి నా పక్కన చతికిలబడింది. అబ్రహాంగారు రొట్టె పళ్ళెంతో వచ్చారు. నన్ను దాటేసి ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ చేతులు కట్టుకుంది.

"ఈ పిల్ల తిన్నాక నేను తింటాను."

"ఓ క్రమం ఉన్నాది కదా, ఎస్తేరమ్మా."

"క్రమం నీకాడే ఉండనీ. నాకు ఆకలి నేదు."

మందిరమంతా గుసగుసలు. నాకు తల ఎత్తడానికి సిగ్గేసింది. బయటికొచ్చాక, "నా కోసం నువ్వెందుకు మానుకోవడం అత్తా? రొట్టె కాల్చింది నువ్వేగా, ఇంట్లోనే నాకో ముక్క పెట్టేస్తే సరిపోయేదిగా" అన్నాను, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. ఆవిడ కోపంగా చూసింది. "సాటుగా తినడానికి అదేటి, లడ్డూయేటి? అందరి మద్దెన కూకుని, అందరూ సూస్తుండగా తినాల. అదేనే బల్లంటే" అంది. కొంగు దులుపుకుని, "రేపు బడికి సెలవెట్టు. అరసవల్లి ఎల్దాం" అంది.

అరసవల్లిలో సూర్యదేవుడి గుడికి వెళ్ళే దారిలో ఓ కొబ్బరికాయల కొట్టు ముందు ఆటో ఆపించింది. కొట్లో ఓ నడివయసు మనిషి, మొహాన రూపాయంత బొట్టు, తలనిండా పువ్వులు. అత్త కూతురు మేరీ అట! ఇన్నాళ్ళలో ఒక్కరూ నాకు ఆ పేరు చెప్పలేదు. అత్త ఎంతో అలవాటైనట్టు బల్ల మీద కూర్చుని, బుట్టలోంచి కనకాంబరాలు తీసి దండ కట్టడం మొదలుపెట్టింది. కడుతూనే చెప్పింది.

"ఈ ఊరబ్బాయిని సేసుకున్నాది. ఓ క్రిస్మస్‌కి పసిపిల్లని ఎత్తుకుని మందిరానికొచ్చింది. గుమ్మంలో నేనే ఉన్నాను. బొట్టు తుడుసుకుని లోపలికి రా అన్నాను. తుడుసుకోనేదు, ఎనక్కెల్లిపోనాది. నేను లోపలికెల్లి పాట పాడినానే. బాగా పాడినావని అందరూ మెచ్చుకున్నారు కూడాను." దారం పళ్ళతో తెంపి, "ప్రభువు నన్ను గుమ్మంలో ఎట్టింది పిలవడానికి. నేను కాపలా అనుకున్నాను" అంది.

"అమ్మా, అయిపోయిన గొడవ. టీ సల్లారిపోతన్నాది" అంది మేరీ, ఈ కథ చాలాసార్లు విన్న విసుగుతో, ప్రేమతో.

నాకు ఉండబట్టలేదు. "మరి ఇంకా గుమ్మంలో పువ్వులెందుకు తీస్తున్నావత్తా?"

"నేను తియ్యకపోతే నా ఎనకనే నిలబడే ఆ మార్తమ్మ తీస్తాది. అది ఇసిరేస్తాది. నేనైతే తడిగుడ్డలో సుట్టి దాస్తాను."

తిరుగు బస్సులో ఆవిడ నా భుజం మీద తలపెట్టి గుర్రుపెట్టి నిద్రపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ రాజాం దాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత ప్రతి నెలా ఆవిడ రొట్టె కాల్చడం, ఆదివారం నా పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం. మోకాళ్ళ నొప్పి గురించి సణిగేది గానీ, బల్ల గురించి మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. వానాకాలంలో పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కూతురే వచ్చి దగ్గరుండి చూసుకుంది. మంచం పట్టినవాళ్ళకు ఇంటికే బల్ల తేవడం మా దగ్గర అలవాటు. అలా ఓ సాయంత్రం పాస్టరుగారూ అబ్రహాంగారూ వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

"ముందా పిల్లకియ్యండి అయ్యగారూ" అంది అత్త పడుకునే.

పాస్టరుగారు అబ్రహాంగారి వైపు చూశారు. ఆయన నా వైపు తిరిగి, "ఒక్క మాట అనేయమ్మా. ముసిల్దాన్ని ఎన్నాళ్ళు ఇలా ఉంచుతావు? ఇంత పంతమేటి?" అన్నారు.

"పంతం కాదండీ. నా కోపాలు అడగండి, నా ఈర్ష్యలు అడగండి, సంఘం ముందే ఒప్పుకుంటాను. అమ్మ దినానికి వెళ్ళడం తప్పన్న మాట మాత్రం నా నోట రాదు. బతికినన్నాళ్ళూ వెనకే కూర్చోమంటే కూర్చుంటాను. మందిరానికి రావడం మాత్రం మానను" అన్నాను.

అబ్రహాంగారు ఏదో అనబోయారు. అత్త అందుకుంది. "అబ్రహామూ, మీ నాన్న పోయినప్పుడు నువ్వు ముద్ద ముట్టనేదు, గుర్తున్నాదా? బతిమాలి నీ నోట్లో అన్నమెట్టింది ఎవులు? ఎదురింటి నూకాలు. ఆ కూడు ఏ దేవుడికెట్టినదో అడిగినావేటి? నేనక్కడే ఉన్నాను నాయనా. ఏడుస్తా తిన్నావు."

ఆయన కండువా సర్దుకున్నారు. లేచి వరండాలోకి వెళ్ళి, మాకు వీపు తిప్పి నిలబడ్డారు. పాస్టరుగారు వరండా వైపు ఒక్కసారి చూసి, రొట్టె విరిచి ముందు నా చేతిలోనే పెట్టారు. తర్వాత అత్త నోట్లో. ఆవిడ నమిలి మొహం చిట్లించి, "ఎవులు కాల్సినారిది, మార్తమ్మేనా? మాడిపోనాది. ఒసే పిల్లా, వచ్చే నెల నుంచి నువ్వు కాల్సు" అంది. మేరీ రొట్టె కోసం చెయ్యి చాపలేదు, అత్త ఆమెను బలవంతపెట్టనూ లేదు. తల్లి గడ్డం మీద పడ్డ ద్రాక్షరసం చుక్కను మాత్రం మేరీ తన కొంగుతో తుడిచింది.

తర్వాతి బల్ల రోజున అబ్రహాంగారే పళ్ళెం తెచ్చి నా ముందు ఆగారు. మొహం పక్కకు తిప్పుకున్నారు గానీ, నేను తీసుకునేదాకా పళ్ళెం కదపలేదు. తర్వాతి ఎండాకాలంలో అత్త వెళ్ళిపోయింది.

మా సంఘంలో ఎవరికి ఏ మేలు జరిగినా ఆదివారం లేచి నిలబడి స్తోత్రం చెప్పడం ఉంది. అత్త పోయిన ఏడు వరికోతలప్పుడు నేను లేచాను. మా అమ్మది విజయనగరం అమ్మవారి పేరు కదా, ఎవరేమనుకుంటారో అని పెళ్ళయిన నాటి నుంచి మందిరంలో ఆ పేరు ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు అత్త పక్కనే ఉన్నంత ధైర్యం వచ్చింది. "నన్ను కని పెంచిన మా అమ్మ పైడితల్లి కోసం ప్రభువుకు స్తోత్రం" అన్నాను గట్టిగా. ఎవరూ పలకలేదు. కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి అబ్రహాంగారి గొంతు, కాస్త బొంగురుగా, "ఆమెన్" అంది. అప్పటి నుంచి ఏటా ఆ పేరు చెబుతున్నాను. హిందూ ఇళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు మాలో ఇంకా ఉన్నారు, వాళ్ళూ ఒక్కొక్కరే లేస్తున్నారు. అసిరితల్లి, ఎల్లమ్మ, సింహాచలం అని వాళ్ళు తమ తల్లుల పేర్లు చెబుతుంటే, మా మందిరం ఆమెన్ అంటోంది.