రెండంగుళాల జాగా

పోయిన గురువారం నా భార్య చనిపోయింది. పొద్దున్న అర గ్లాసు గంజి తాగింది. తొమ్మిదింటికి గుండె పట్టేసినట్టుంది అంది. టెక్కలి నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి మా పాత కారులో బయలుదేరాం. వానలకు రోడ్డంతా గోతులు. గోతిలో పడ్డప్పుడల్లా కారు అడుగున ఇనుము ఇనుముకు కొట్టుకుని, ఆ దెబ్బ ఆమెకు తగిలేది. "నెమ్మది" అనేది. నెమ్మదిగా నడిపాను. నరసన్నపేట దాటాక ఆ మాట కూడా అనలేదు. అరగంట ముందు తెచ్చి ఉంటే ప్రయత్నించేవాళ్లమని డాక్టరు అన్నారు.

ఆమెను ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. ఆమె తండ్రి నౌపడ ఉప్పు లారీ నడిపేవాడు. బండిలో ఏది చెడిందో ఆమె చప్పుడు విని చెప్పేది. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. బానెట్ తెరిచి చూసినా నాకు తెలిసేది కాదు. "రోడ్డుకి సదువు రాదండి" అనేది.

రెండేళ్లుగా ఆమెకు మోకాళ్లు వంగడం లేదు. ప్రతి ఆదివారం ఉద్దానంలో వాళ్లమ్మను చూసి రావాలి. కారెక్కడానికి ఒక పీట వెంట తీసుకెళ్లేవాళ్లం. నలుగురిలో ఆ పీట ఎక్కడం ఆమెకు సిగ్గు. అందుకే ఈ వేసవిలో పలాసలో ఆమె తమ్ముడి షెడ్డుకి వెళ్లి, కారు ఎత్తు తగ్గించమన్నాను.

"ముందు స్ప్రింగులు ఓ సుట్టు కోసి, ఎనక కమాను పట్టీల వంపు తీసేత్తే దిగిపోద్ది బావా. గాని షాకబ్జరు గొట్టాలు కూడా కోసి పొట్టి సెయ్యాల. నేకపోతే ఆడడానికి జాగా ఉండదు, అడుక్కి కొట్టుకుంటాది."

"కోసి వెల్డింగు పెడితే నూనె కారదా? దారిలో ఊడిపోతే?"

"ఊడితే నా పీక కొయ్యి."

"మీ బావ కాగితం మీద సూడందే నమ్మర్రా" అంది ఆమె, ఆ పీట మీదే కూర్చుని.

కాగితం మీద లెక్క వేశాను. గొట్టాలు కోయకపోయినా ఆడడానికి రెండంగుళాల జాగా మిగిలింది. గొట్టాలు కోయొద్దన్నాను. ఆ కాగితం మీద గోతులు లేవు.

మొదటి ఆదివారం ఆమె పీట లేకుండా ఎక్కింది. జీడితోటలు దాటి పుట్టింటి ముందు ఆగాక, "ఎక్కడం సులువయ్యింది, దిగడానికే మీ సెయ్యి కావాల" అంది. ఇన్నేళ్ల కాపురంలో వీధిలో అందరి ముందు ఆమె చేయి పట్టుకోవడం అదే మొదలు. ఆ వేసవి అన్ని ఆదివారాలూ పట్టుకున్నాను.

వానలు పడ్డాక చప్పుడు ముందు విన్నదీ ఆమే. "అడుక్కి తగుల్తంది. తమ్ముడి సేత గొట్టాలు కోయించీండి." పరీక్షలు అయ్యాక అన్నాను. మరుసటి వారం మళ్లీ అడిగింది. పేపర్లు దిద్దాక అన్నాను. మూడో వారం అడగలేదు. పాత దుప్పటి నాలుగు మడతలు వేసి సీటు మీద పరుచుకుని కూర్చుంది. అలిగిందనుకున్నాను. అలగలేదు. నేను చేయనని తెలుసుకుంది, అంతే.

నిన్న ఆమె తమ్ముడు వచ్చాడు. గొట్టాలు కోయమన్నాను. అతను కారు వంక చూశాడు.

"ఇప్పుడెవులికి బావా?"



రేపు పొద్దున్నే కారు పలాస తీసుకెళ్తాను. గొట్టాలన్నీ తెగేదాకా షెడ్డులో నిలబడతాను. ముందు సీటు మీది దుప్పటి మాత్రం తియ్యను.